పై ఇంటి చప్పుళ్లు: పోలీసుల దాకా వెళ్లే ముందు చేయవలసిన పనులు

మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. హైదరాబాదులో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తున మీరు అద్దెకుంటున్నారు, పై ఫ్లాట్‌లో ఉన్నవారు సొంతదారులు. రాత్రి పదకొండు దాటాక ఏదో దంచుతున్నట్టు, కుర్చీలు ఈడ్చుతున్నట్టు చప్పుళ్లు వస్తున్నాయి. వాళ్లు బాల్కనీ కడిగిన నీళ్లు మీరు ఆరేసిన బట్టల మీద పడుతున్నాయి. ఎదురింటివారి చెప్పుల స్టాండు కారిడార్‌లో సగం ఆక్రమించింది. ఓపిక నశించి ఈ మూడింటినీ కలిపి వాట్సాప్ గ్రూపులో రాశారు. అప్పటినుంచి పై ఇంటివారు మీతో మాట్లాడడం మానేశారు, చప్పుళ్లు మాత్రం మానలేదు. ఇప్పుడు పోలీసులకు చెప్పాలా, ఇల్లు మారిపోవాలా అని అడుగుతున్నారు.

ఈ రెండూ ఇప్పుడే వద్దని నా సలహా. నేను ముప్పై ఏళ్లు భవన నిర్మాణంలో ఇంజనీరుగా పనిచేశాను, ఆపైన 45 ఫ్లాట్లున్న మా సముదాయానికి తొమ్మిదేళ్లు సెక్రటరీగా ఉన్నాను. ఆ తొమ్మిదేళ్లలో నా దగ్గరకు వచ్చిన ఫిర్యాదుల్లో, ఎదుటివారు కావాలని ఇబ్బంది పెట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవన్నీ, తాము చేసే పని గోడకు అవతల, నేలకు కింద ఎలా వినిపిస్తుందో తెలియక చేసినవే. తెలియనివారికి తెలియజెప్పడం ఒక పని, తెలిసి చేసేవారిని ఆపడం మరో పని. మొదటిది ప్రయత్నించకుండానే రెండోదానికి దిగితే తగవు పెరుగుతుంది గాని నిద్ర దొరకదు.

మన అపార్ట్‌మెంట్లలో ఇది ఎందుకు ఇంతగా జరుగుతుందో ముందు చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే మీ కోపం సగం తగ్గుతుంది. ఇక్కడ రెండు ఇళ్ల మధ్య ఉండేది సాధారణంగా ఐదారు అంగుళాల కాంక్రీటు శ్లాబు. దాని మీద సిమెంటు మాలు వేసి నేరుగా టైల్స్ పరుస్తారు. మధ్యలో మెత్తని పొర ఏదీ ఉండదు. మాటలు, టీవీ వంటి గాలిలో ప్రయాణించే శబ్దాలను ఆ శ్లాబు బాగానే ఆపుతుంది. నేలకు నేరుగా తగిలే దెబ్బను మాత్రం ఆపలేదు సరికదా, తానే మోసుకొచ్చి మీ గది పైకప్పు మొత్తం నుంచి వినిపిస్తుంది. అందుకే పై ఇంటివాళ్ల మాట ఒక్కటి కూడా మీకు వినబడదు గాని, వాళ్ల పిల్లవాడు గోళీ జారవిడిస్తే మీకు తెలుస్తుంది. అదే దెబ్బ పై గదిలో ఉన్నవారికి చాలా చిన్నగా, పక్క గదిలో ఉన్నవారికి అసలు వినబడనంతగా ఉండవచ్చు. పై ఇంటివారు "మేము ఏ చప్పుడూ చేయడం లేదు" అన్నప్పుడు వాళ్లు అబద్ధమాడుతున్నారని మీకు అనిపించి ఉంటుంది. చాలాసార్లు వాళ్లు తమకు వినిపించినంతవరకు నిజమే చెబుతారు.

ఇంకొక సంగతి. స్తంభాలు, దూలాలు, శ్లాబు అన్నీ ఒకే కాంక్రీటు చట్రం కాబట్టి దెబ్బ ఎటునుంచి వచ్చిందో చెవితో చెప్పడం కష్టం. మా సముదాయంలో ఒకాయన నాలుగో అంతస్తువారి మీద మూడు నెలలు ఫిర్యాదు చేశారు. చివరకు ఆ ధమ్ ధమ్ శబ్దం ఐదో అంతస్తులో, అదీ పక్క ఫ్లాట్‌లో, ఒక కుర్రవాడు వ్యాయామం చేశాక డంబెల్స్ నేలకు వదలడం వల్ల వస్తోందని తేలింది. ఆ మూడు నెలలూ నాలుగో అంతస్తువారు చేయని తప్పుకు సంజాయిషీ చెప్పుకుంటూ గడిపారు. అందువల్ల మీరు ముందుగా ఒక వారం రోజులు ఏ రాత్రి, ఎన్ని గంటలకు, ఏ గదిలో, ఎలాంటి చప్పుడు వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఇది సాక్ష్యం కూడబెట్టడం కోసం కాదు, మీరు ఏమి అడగబోతున్నారో మీకే స్పష్టంగా తెలియడం కోసం.

దంచుతున్న చప్పుడు అని మీరు రాయగానే నాకు మా ఇంట్లో జరిగినది గుర్తొచ్చింది. దాదాపు పదేళ్ల కిందట మా పడకగది పైన రోజూ రాత్రి ఒంటిగంటకొకసారి, తెల్లవారుజామున నాలుగింటికొకసారి టక్ టక్ మని ఏడెనిమిది దెబ్బలు, కాస్త ఆగి మళ్లీ ఏడెనిమిది దెబ్బలు వినిపించేవి. నా భార్యకు అప్పటికే రక్తపోటు, ఒకసారి మెలకువ వస్తే మళ్లీ నిద్రపట్టేది కాదు. పై ఇంట్లో ఉన్న అబ్బాయి బంతి కొడుతున్నాడని నేను తీర్మానించుకున్నాను. రెండు రాత్రులు కర్ర తీసుకుని పైకప్పును గట్టిగా పొడిచాను. చప్పుడు ఆగింది, తెల్లవారుజామున మళ్లీ మొదలైంది.

మూడో రోజు సాయంత్రం పైకి వెళ్లాను. కోడలు తలుపు తీసింది. హాల్లో ఒక మూల నవారు మంచం, మంచం మీద ఎనభై దాటిన అత్తగారు. ఆమె కాళ్ల దగ్గర నేల మీద గుప్పెడంత ఇనుప కల్వం, దానిలో చిన్న పొత్రం, పక్కన తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు, వక్కలు, సున్నం డబ్బా. పళ్లు ఊడిపోయినప్పటినుంచి ఆమె ఆకువక్కను దంచుకునే వేసుకుంటున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టదు, ఇంట్లోవాళ్లందరూ లోపలి గదుల్లో తలుపులు వేసుకుని పడుకుంటారు, ఆ వేళకు ఆమెకు తోడుగా ఉండేది ఆ తాంబూలం ఒక్కటే. వాళ్ల హాలు సరిగ్గా మా పడకగది మీద ఉంది.

నేను అక్కడ ఏమీ అనలేదు. కోడలిని ఒకసారి కిందికి రమ్మన్నాను, పెద్దావిడను ఎప్పటిలాగే దంచమని అడిగాను. ఆ అమ్మాయి వచ్చి మా మంచం అంచున కూర్చుంది. మొదటి దెబ్బకే తలెత్తి పైకప్పు వంక చూసింది. రెండోదానికి చేత్తో నోరు మూసుకుంది. "ఇంతగా వినిపిస్తోందా బాబాయిగారూ, మాకు పక్క గదిలోకి కూడా వినబడదండీ" అన్నది. ఆ రాత్రే పాత బొంతను నాలుగు మడతలు వేసి కల్వం కింద పెట్టారు. అంతటితో చప్పుడు మాకు దాదాపు వినబడకుండా పోయింది. పెద్దావిడ తాంబూలం మానుకోవలసిన అవసరం రాలేదు. నిద్రలేక ఒంటరిగా కూర్చున్న ఒక ముసలమ్మ కాళ్ల కింద నేను కర్రతో పొడిచానన్న సంగతి మాత్రం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

మీ పై ఇంట్లో ఉన్నదీ కల్వమేనని నేను అనడం లేదు. రాత్రి భోజనాలు ఆలస్యంగా అయ్యే ఇల్లయితే అల్లం వెల్లుల్లి దంచుతూ ఉండవచ్చు, భోజనాల బల్ల కుర్చీలు జరుపుతూ ఉండవచ్చు. రోలు కింద మడిచిన గోనెసంచి లేదా మందపాటి రబ్బరు చాప, కుర్చీ కాళ్లకు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే రబ్బరు బుష్‌లు, ఇంతే సరిపోతుంది. వాషింగ్ మెషీన్ ఊగిపోతూ చప్పుడు చేస్తుంటే నాలుగు కాళ్లూ సమంగా ఆనేలా సరిచేయించాలి. ముందు తలుపు మెషీన్ అయితే, కొన్నప్పుడు వెనుక భాగంలో బిగించి వచ్చిన రవాణా బోల్టులు తీయకుండానే వాడుతున్నారేమో కూడా చూడాలి. ఇలాంటివి నేను రెండు ఇళ్లలో స్వయంగా చూశాను. అందుకే ఎదుటివారిని అడిగేటప్పుడు "మీరు చప్పుడు చేయకండి" అని అడగవద్దు. అది జరిగే పని కాదు, బతుకుతున్న ఇంట్లో చప్పుడు ఉంటుంది. ఒక నిర్దిష్టమైన చప్పుడుకు ఒక నిర్దిష్టమైన చిన్న పని అడగండి.

ఇక వాట్సాప్ గ్రూపు గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది, మన్నించండి. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుంది, లిఫ్టు ఎప్పుడు బాగవుతుంది అన్న కబుర్లకు గ్రూపు పనికొస్తుంది. ఒక ఇంటివారి మీద ఫిర్యాదుకు పనికిరాదు. పేరు రాయకపోయినా "మా పై ఫ్లాట్" అంటే ఎవరో నలభై కుటుంబాలకూ తెలుసు. అంతమంది ముందు తలవంచడానికి ఎవరూ సిద్ధపడరు, కాబట్టి ఎదురు తిరుగుతారు. మీరు చెప్పిన విషయం సరైనదే అయినా, చెప్పిన చోటు దానిని పరువు సమస్యగా మార్చింది. మీరు మొదట చేయవలసింది ఆ సందేశం గురించి వారి ఇంటికి వెళ్లి, మనసు నొప్పించినందుకు క్షమించమని అడగడం. చప్పుడు గురించి వెనక్కి తగ్గమని కాదు, గ్రూపులో రాసినందుకు మాత్రమే.

ఆదివారం ఉదయం పదిన్నర, పదకొండు మధ్య వెళ్లండి. చప్పుడు వస్తున్న సమయంలో, కోపంతో, రాత్రి పూట వెళ్లవద్దు. అసోసియేషన్‌వారిని వెంటబెట్టుకుని వెళ్లవద్దు, నలుగురు గుమ్మంలో నిలబడితే అది పంచాయితీ అవుతుంది. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆమెతోనే మాట్లాడండి. మాటలు దాదాపు ఇలా ఉండవచ్చు: "పిన్నిగారూ, ఆ రోజు గ్రూపులో అలా రాసి ఉండకూడదండీ, నేరుగా మీకే చెప్పాల్సింది. రాత్రి పదకొండు దాటాక మా పడకగదిలో దంచుతున్నట్టు చప్పుడు వినిపిస్తోంది. అది మీ ఇంట్లోదో, పక్కదో నాకు తెలియదు. ఒకసారి మా ఇంటికి వచ్చి వింటారా? పైన ఎవరినైనా అదే పని చేయమందాం." ఆ రోజుకు అంతే. బాల్కనీ నీళ్లు, చెప్పుల స్టాండు అప్పుడే ఎత్తవద్దు. ఒకేసారి మూడు తప్పులు వినిపిస్తే మనిషికి తప్పు వినబడదు, తనను ఇష్టపడడం లేదన్నది మాత్రమే వినబడుతుంది.

మీరు అద్దెకుంటున్నామని రెండుసార్లు రాశారు, కాబట్టి ఈ మాట చెప్పక తప్పదు. మన అపార్ట్‌మెంట్లలో సొంతదారుడి నిద్రకున్న విలువ అద్దెదారుడి నిద్రకు ఉండదన్నట్టు మాట్లాడేవారిని చాలామందిని చూశాను. "ఇష్టం లేకపోతే ఖాళీ చేయండి" అన్న మాట సమావేశాల్లో నా చెవులతో విన్నాను, వినడం ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. పెళ్లికాని కుర్రాళ్లు, ఆడపిల్లలు నలుగురు కలిసి ఉంటున్న ఫ్లాట్ల మీదైతే ఫిర్యాదు వచ్చిందంటే విచారణ కూడా ఉండదు. ఇంటి అద్దెతోపాటు నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నవారికి ఆ కప్పు కింద ప్రశాంతంగా పడుకునే హక్కు అందరితో సమానంగా ఉంది. నేను సెక్రటరీగా ఉన్నప్పుడు ఇబ్బందుల గురించిన సమావేశాలకు అద్దెదారులనూ పిలవాలని పట్టుబట్టి తీర్మానం చేయించాను. మీ అసోసియేషన్‌లో అలా లేకపోతే మీ ఇంటి యజమాని ద్వారా ఒక ఉత్తరం ఇప్పించండి.

అదే సమయంలో, ఏది ఇబ్బంది, ఏది కాదు అన్న విషయంలో మనం కూడా కొంచెం నిజాయితీగా ఉండాలి. పసిబిడ్డ ఏడుపు ఇబ్బంది కాదు. జబ్బుపడిన మనిషి దగ్గు ఇబ్బంది కాదు. పక్కింట్లో ఎండుచేపలు వేయిస్తున్న వాసన, మాంసం వండుతున్న వాసన వస్తోందని నా దగ్గరకు ఫిర్యాదులు వచ్చేవి. వాటిని నేను రిజిస్టరులో రాయడానికి కూడా ఒప్పుకునేవాణ్ణి కాదు. వాళ్ల ఇంట్లో వాళ్లు వండుకుంటున్నారు, ఇంకొకరి తిండిని ఇబ్బందుల జాబితాలో చేర్చడం మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. ఒకరి పనిని కాస్త జరిపితే, కాస్త మెత్తబరిస్తే, వేళ మారిస్తే తీరిపోయేది ఇబ్బంది. ఒకరు బతకడమే మానుకుంటే తప్ప తీరనిదాన్ని మనం భరించాలి.

పగటి నిద్ర గురించి కూడా ఒక మాట. హైదరాబాదులో అమెరికా వేళలకు పనిచేసి తెల్లవారాక పడుకునేవారు ప్రతి సముదాయంలో ఉన్నారు, ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే నర్సులు ఉన్నారు. మా కింద ఫ్లాట్‌లో ఒక నర్సు ఉండేది. మా ఇంట్లో ఉదయం ఎనిమిదింటికి వాషింగ్ మెషీన్ వేసేవాళ్లం. దాదాపు ఏడాది తర్వాత ఆమె వాళ్ల అమ్మ ద్వారా మొహమాటపడుతూ చెప్పి పంపింది. ఏడాదిపాటు ఆ అమ్మాయి నిద్ర చెడగొట్టామని మాకు అంతవరకు తెలియనే తెలియదు. ఆ తర్వాత మేము దాన్ని సాయంత్రానికి మార్చుకున్నాము. మీరు కూడా మీ కింది ఇంటివారిని, మీ చప్పుళ్లు వాళ్లకు ఏమైనా వినిపిస్తున్నాయా అని ఒకసారి అడగండి. ఆ జవాబు తెలిసి పైకి వెళ్లినవారి గొంతు వేరుగా ఉంటుంది.

ఇంటీరియర్ పనుల విషయంలో మేము పెట్టుకున్న పద్ధతి బాగా పనిచేసింది. డ్రిల్లింగ్, టైల్స్ కోత ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు వరకే, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా విరామం, ఆదివారాలు లేవు. పని మొదలయ్యే రెండు రోజుల ముందు ఎన్ని రోజులు జరుగుతుందో రాసి లిఫ్టులో అంటించాలి. చప్పుడు ఏమీ తగ్గలేదు, అయినా ఫిర్యాదులు బాగా తగ్గాయి. రేపటినుంచి నాలుగు రోజులు ఉంటుందని తెలిస్తే పరీక్షకు చదువుకునే పిల్లవాణ్ణి అమ్మమ్మగారింటికి పంపుకోవచ్చు, రాత్రి డ్యూటీ మనిషి వేరే చోట పడుకోవచ్చు.

బాల్కనీ నీళ్లకు పరిష్కారం చిన్నదే. సాధారణంగా బాల్కనీలో నీళ్లు పోయే గొట్టం పూడుకుపోయినప్పుడు నీళ్లు అంచు మీదుగా కింద పడతాయి, చాలా ఇళ్లలో పూలకుండీల మట్టి దానికి కారణం. ప్లంబర్ గంటలో తీసేస్తాడు. గొట్టం బాగానే ఉండి కూడా నీళ్లు పడుతుంటే, ఏ రోజు ఏ వేళకు కడుగుతారో అడిగి తెలుసుకుంటే మీరు బట్టలు తీసుకోవచ్చు. చెప్పుల స్టాండు మాట వేరు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం కారిడార్లు, మెట్లు ఉమ్మడి స్థలాలు, ఏ ఒక్కరివీ కావు. అదీకాక నిప్పు అంటుకున్నప్పుడు పొగలో అందరూ పరుగెత్తవలసిన దారి అదే. ఇది మీరు ఎదురింటివారిని వ్యక్తిగతంగా అడగవలసిన విషయం కాదు, అసోసియేషన్ అన్ని అంతస్తులకూ కలిపి ఒకేసారి తీయించవలసిన విషయం. అప్పుడు ఎవరికీ అవమానం ఉండదు.

చట్టం గురించి అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్ పరిమితి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. ఆ వేళల్లో బయట మైకులు, డీజే బాక్సులు పెట్టకూడదు. పండుగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా, అర్ధరాత్రి పన్నెండు దాకా సడలింపు ఇవ్వవచ్చు. చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలను నివాస ప్రాంతాల్లో రాత్రి నడపకూడదు. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు వద్దని సుప్రీంకోర్టు కూడా 2005లో గట్టిగా చెప్పింది. ఎవరైనా అర్ధరాత్రి టెర్రస్ మీద పెద్ద బాక్సులు పెట్టి పాటలు వేస్తుంటే, మీరు చెప్పినా ఆపకపోతే, నిస్సంకోచంగా 100కు గాని 112కు గాని ఫోన్ చేయండి. అది మీ హక్కు, అక్కడ మొహమాటం అవసరం లేదు.

అయితే రోలు చప్పుడుకూ కుర్చీ చప్పుడుకూ ఆ నిబంధనలు పెద్దగా ఉపయోగపడవు. మొబైల్ ఫోనులోని డెసిబుల్ యాప్ చూపించి మీరు కేసు నెగ్గలేరు, కానిస్టేబుల్ వచ్చేసరికి దంచడం అయిపోయి ఉంటుంది. మిగిలేది రెండిళ్ల మధ్య శాశ్వతమైన పగ. గోటితో పోయేదానికి గొడ్డలి తీసుకోవద్దు. నేను చెప్పిన పద్ధతిలో రెండుసార్లు ప్రయత్నించాక కూడా వాళ్లు తలుపు వేసేస్తే, అప్పుడు అసోసియేషన్‌కు తేదీలతో రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడా జరగకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కేసు వేయకముందే రెండు పక్షాలనూ పిలిచి రాజీకి ప్రయత్నిస్తారు. ఇల్లు మారడం ఆ తర్వాతి మాట, మారిన చోట కూడా పైన ఒక శ్లాబు ఉంటుంది.

వాళ్లు మీ మాట మన్నించి రోలు కింద ఏదో ఒకటి వేసి, చప్పుడు తగ్గిందనుకోండి. పది రోజులు గడిచాక మళ్లీ పైకి వెళ్లి, తగ్గిందని, ఇప్పుడు నిద్ర పడుతోందని ఆమెతో చెప్పండి. ఫిర్యాదు చేయడానికి మెట్లెక్కినవాళ్లను నేను చాలామందిని చూశాను, తీరిందని చెప్పడానికి ఎక్కినవాళ్లు నాకు ఇద్దరే గుర్తున్నారు. బాల్కనీ నీళ్ల సంగతి ఆ రోజు ఎత్తండి.